మంచు విడిచే తేదీ

డులూత్‌లో డిసెంబరు మూడో వారం.
తెల్లకోటు జేబులో పేజరు, సగం కొరికిన చాక్లెట్ బార్,
వాటి అడుగున నలిగిపోయిన ప్రశ్న ఒకటి:
లైసెన్సు పరీక్షలో చివరి మెట్టు
స్టెప్ త్రీ ఎప్పుడు ఎక్కాలి?

"ఇప్పుడే రాసెయ్ మారిట్" అంది వ్రోన్‌స్కా,
చల్లారిన కాఫీని మందులా మింగుతూ.
"కాన్పుల వార్డు వదిలి ఎన్నాళ్ళయింది నీకు?
పసిపిల్లల జ్వరాలు ఇంకా గుర్తున్నాయా?
అవి పాలలాంటివి. రేపటికి విరిగిపోతాయి."

"ఆగు" అన్నాడు చివరి ఏడాది హాల్వర్.
"ఐసీయూ నెల గడవనీ.
అర్ధరాత్రి బీపీ జారిపోతున్న మనిషిని
ఒక్కదానివే పట్టి నిలబెట్టాక
ఆ ప్రశ్నలన్నీ తెలిసిన మొహాల్లా కనబడతాయి."

ఇద్దరూ పాసైనవాళ్ళే.
చిక్కంతా అక్కడే.

మరిచిపోకముందు రాయాలి,
నేర్చుకున్న తరవాత రాయాలి.
ఈ రెంటికీ నడిమి రోజును
ఏ కేలండరూ అచ్చు వేయలేదు.

సెలవు కావాలని చీఫ్ వైపు చూస్తే
ఆమె డ్యూటీల జాబితా వైపు చూస్తుంది.
జాబితా ఎవరి వైపూ చూడదు.
జనవరిలో రెండు ఖాళీ గడులున్నాయి.
వాటి మీద తెస్ఫాలెం కన్ను కూడా ఉంది.
అతని వీసా ఈ పరీక్షకు ముడిపడి ఉంది.
నాకు ప్రశ్న అయినది
అతనికి గడువు.

రాత్రిళ్ళు లాప్‌టాప్ మీద సాధన కేసులు చేస్తాను.
తెర మీద ఎవరికో కడుపునొప్పి.
స్కాన్ రాస్తాను, సెలైన్ రాస్తాను,
ఒక్క మీట నొక్కి గడియారాన్ని ముందుకు తోస్తాను.
నాలుగు గంటలు గడిచిపోతాయి,
నా టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంటుంది.
"రోగికి నయంగా ఉంది" అంటుంది తెర.

ఆరో అంతస్తులో ఆ మీట లేదు.
ఆర్విడ్ మకేలాకు ఎనభై ఒకటి,
ఇనుప ఖనిజం మోసే ఓడల్లో వంటవాడు ఒకప్పుడు,
ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా నీరు.
మందు ఎక్కించి, సంచీలోకి ఎంత దిగుతుందో చూస్తూ
రెండున్నర నుంచి నాలుగు దాకా కూర్చున్నాను.
గంటన్నర అంటే గంటన్నరే.
ఒక్క నిమిషం కూడా జరగనన్నది.

కిటికీ అవతల రేవు తెల్లగా బిగుసుకుంటోంది.
"ఏం పుస్తకం అది?" అన్నాడు.
చెప్పాను. తేదీ తేలడం లేదన్నాను.
ఆయన నవ్వబోయి దగ్గాడు, దగ్గుతూనే నవ్వాడు.

"మంచంతా కరిగాక కదిలిన ఓడను నేనెరగను.
మార్చి చివర, ఇంకా గడ్డ కట్టి ఉండగానే,
మంచు కోసే ఓడ ముందు పోయేది, వెనకాల మేము.
రేకు మీద గోళ్ళతో గీకినట్టు రాత్రంతా ఒకటే చప్పుడు.
గిన్నెలు అటకల మీంచి దూకేవి."

నీతి దొరికిందనుకుని
లోలోపల మూట కట్టుకుంటున్నాను.

"ఓసారి తొందరపడ్డాం," అన్నాడు కళ్ళు మూసుకుని.
"తొమ్మిది రోజులు ఇరుక్కుపోయాం నడి సరస్సులో.
పొద్దున బంగాళాదుంపలు, రాత్రి బంగాళాదుంపలు.
కెప్టెన్‌కి నా మొహం చూస్తేనే కోపం."

తరవాత నిద్రపోయాడు.
నా మూట విప్పేసి వెళ్ళిపోయినట్టు.

ఐదింటికి మెట్ల దగ్గర తెస్ఫాలెం ఎదురయ్యాడు,
బూట్ల లేసు కట్టుకుంటూ, కళ్ళు ఎర్రగా.
"జనవరి నువ్వు తీసుకో" అన్నాను.
అతను థాంక్స్ అనలేదు.
రెండో బూటు లేసు విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు.

తిరిగొచ్చి గోడ మీది బోర్డులో
తొమ్మిది వందల మిల్లీలీటర్లు అని రాశాను.
పైన ఈ రోజు తేదీ వెయ్యాలి.
మార్చి ఇరవై నాలుగు అని రాసింది చెయ్యి.

తుడిచాను.
తుడిచినా చదవడానికి వస్తూనే ఉంది.